పేరు లేదనే ముందు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి రెండు ముక్కలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను అందులో పండితుణ్ణి కాను. నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి ఉంది. అది చెబితే పదిమందికీ పనికొస్తుందని లేచి నిలబడ్డాను.

1997లో మన సభ్యుల జాబితాను రిజిస్టరులోంచి కంప్యూటరులోకి ఎక్కించే పని నాకు అప్పగించారు. ఆ రోజుల్లో విరివిగా వాడుతున్న ఫాక్స్‌ప్రోలో పట్టిక తయారుచేశాను. ఒక సాయంత్రం 22 మంది కొత్త సభ్యుల వివరాలు ఎక్కించాను. ఫైలు మూసేలోపే కరెంటు పోయింది. మర్నాడు పట్టిక మామూలుగానే తెరుచుకుంది. ఎన్ని పేర్లున్నాయో లెక్క చూసుకోలేదు.

రెండు నెలలకు మన సహోద్యోగి ఒకరు కాలం చేశారు. ఆయన భార్య సహాయ నిధి కోసం వచ్చారు. కార్యాలయంలో కుర్రవాడు వెతికి, "కంప్యూటర్లో పేరు లేదమ్మా" అన్నాడు. రెండోసారి వచ్చినా అదే మాట. మూడోసారి నేనున్నాను. "అన్నయ్యగారూ, చందా మీ చేతికే ఇచ్చారు కదా!" అన్నారావిడ. నాకు తల కొట్టేసినట్టయింది. రిజిస్టరు తీస్తే రసీదు నంబరుతో సహా పేరుంది.

ఈ డీబీఎఫ్ ఫైలు మన ఆవర్జా లాంటిదే. మొదటి పుటలో మొత్తం పద్దులెన్నో రాసి ఉంటుంది. ఫాక్స్‌ప్రో ఆ అంకెనే నమ్ముతుంది. కరెంటు పోవడంతో పద్దులు లోపల పడ్డాయి గాని, మొదటి పుటలో అంకె మారలేదు. అది 618 దగ్గరే ఆగిపోయింది.

ఎలా పట్టుకున్నామంటే, ఉత్త కూడికలూ గుణకారాలే. మన పట్టికకు 12 గడులు. మొదటి పుటకు 32 బైట్లు, గడికి 32 చొప్పున 384, ముగింపు గుర్తుకు 1, వెరసి 417. ఒక్కో సభ్యుడి పద్దు 121 బైట్లు. ఫైలు చివర గుర్తుకు ఇంకొకటి. 618 మందికైతే 75,196 బైట్లు ఉండాలి. డిస్కు మీద 77,858 ఉన్నాయి. తేడా 2,662. దాన్ని 121తో భాగిస్తే సరిగ్గా 22!

ముందు ఫైలుకు నకలు తీసుకున్నాం. ఆ నకలులోనే అంకెను 640గా దిద్ది, ఇండెక్సు మళ్లీ కట్టి, ప్రతి పేరూ రిజిస్టరుతో సరిచూశాం. అందరూ ఉన్నారు. ఆ వారంలోనే ఆవిడకు సొమ్ము అందింది.

తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ రెండు నెలల్లో కొత్త పేర్లేవీ ఎక్కించలేదు కనుక బతికిపోయాం. ఎక్కించి ఉంటే 619వ చోట, పాత పేరు మీదే కొత్త పేరు పడి ఉండేది.

ఇప్పుడు ఫాక్స్‌ప్రో వాడేవారు తక్కువ. దాని చివరి రూపానికి మైక్రోసాఫ్ట్ వారు ఇచ్చే మద్దతు కూడా 2015లో ఆగిపోయింది. పాత ఫైళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి, లిబ్రెఆఫీస్ కాల్క్‌లో తెరిచి చూడవచ్చు. పట్టిక యాక్సెస్‌లో ఉన్నా, మరెందులో ఉన్నా పద్ధతి ఒకటే. పాడైందని అనుమానం రాగానే కొత్త వివరాలు ఎక్కించడం ఆపండి. నకలు తీయండి. మరమ్మతు నకలు మీదే చేయండి. పని ముగించిన ప్రతిసారీ పేర్ల సంఖ్యను కాగితం మీద రాసి పెట్టుకోండి. రిజిస్టరును మాత్రం అటక ఎక్కించకండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరైనా వచ్చి అడిగితే "కంప్యూటర్లో లేదు" అని పంపేయకండి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, రిజిస్టరు తీయండి. ఆవిడను రెండుసార్లు ఉత్త చేతులతో పంపిన తప్పు యంత్రానిది కాదు, మనది.