ఇంటి కప్పు – మేస్త్రితో ఒడంబడిక
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమునందు ఇంటి కప్పును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పుస్తకమునకు చెద యెంతటి శత్రువో, కారెడు కప్పు అంతకు మించిన శత్రువు. చెద ఒక బీరువాను తినుటకు నెలలు పట్టును. శ్రావణమాసపు వాన ఒక్క రాత్రిలో దానిని నానవేయగలదు. ఇక మన ఇండ్ల మాట చెప్పనేల? గోడ వంకరైన దిద్దుకొనవచ్చును. గచ్చు పగిలిన మరల చేయించుకొనవచ్చును. కప్పు చెడినచో ఇల్లుండియు లేనట్లే.

తాటాకు కప్పు చల్లనిది, చౌకయైనది. కాని నిప్పునకు భయపడవలెను, కొలది యేండ్లకొకసారి మరల నేయింపవలెను. రాయలసీమ మట్టి మిద్దెలపై వానలకు ముందు చౌడు పరచుదురు. మన కుమ్మరుల నాటు పెంకు వేసవిలో హాయినిచ్చును గాని, కోతుల మూక ఒకసారి నడచిపోయిన పిమ్మట పెంకు సర్దువానికై వెదకుకొనవలసినదే. బెంగుళూరు పెంకులని మనము పిలుచునవి నిజమునకు మంగుళూరువి. 1860 దశకమున బాసెల్ మిషను వారు అచట వాని తయారీని ప్రారంభించిరి. పేరులో ఊరు మారినను పెంకు గుణము మారలేదు. ఇవి చదరపు మీటరునకు సుమారు 15 పట్టును. వీని క్రింది బద్దల ఎడము పెంకు కొలతకు సరిపోవలెను. అది తప్పినచో పెంకు ఎంత మంచిదైనను నీరు లోపలికి దిగును.

రేకుల విషయమున రెండు మాటలు. గాలివాన కప్పును క్రిందికి నొక్కునని పలువురు తలతురు. అట్లు కాదు, అది రేకును పైకి లాగును. కావున రేకు బరువును నమ్ముకొనరాదు, దానిని పట్టియుంచు హుక్కులను చూచుకొనవలెను. హుక్కు రంధ్రము రేకు అలయొక్క ఎత్తుభాగమున వేయవలెనేగాని, నీరు పారు పల్లమున వేయరాదు. రేకుపై రేకు కనీసము 6 అంగుళములు ఎక్కవలెను. ఇక ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకును కోసినప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులలో చేరి, ఏండ్లు గడచిన పిదప కాన్సరును కలిగింపగలదు. పాత రేకులను పగులగొట్టక, తడిపి, నిదానముగా దింపవలెను. ముక్కలను పిల్లలు ఆడుకొను చోట పారవేయరాదు.

ఇప్పుడు ఊరూర శ్లాబుల కాలము. ధనము ఎక్కువగా పోవునదియు, మోసము కంటికి కనబడనిదియు ఇదియే. పెంకు పగిలిన మార్చవచ్చును. పోసిన శ్లాబును మార్చుటకు వీలులేదు. కావున దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పెదను.

30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల ఇంటికి 5 అంగుళముల మందమున శ్లాబు వేయుదమనుకొనుడు. అది 250 ఘనపుటడుగులగును. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాలు ఇసుక, మూడు పాళ్ళు కంకర చొప్పున కలిపినచో సుమారు 57 బస్తాల సిమెంటు పట్టును. ఈ లెక్క తెలిసిన గృహస్థు ఇంట ఏ మేస్త్రియు 40 బస్తాలతో పని ముగింపజాలడు. సముద్రపు గాలి తగులు గ్రామములలో ఈ పాలు కూడ చాలదు. అచట ఇంజనీరును సంప్రదించి ఇంకను బలమైన మిశ్రమమును వాడవలెను. ఉప్పునీటిని, ఉప్పు కలిసిన ఇసుకను దరిజేరనీయరాదు. లోపలి ఇనుము త్రుప్పుపట్టి ఉబ్బి, కొన్ని యేండ్లకే పెచ్చులు ఊడిపడును.

ఇనుమునకు కూడ ఒక సులభ పరీక్ష గలదు. 8 మిల్లీమీటర్ల ఊచ 12 మీటర్ల పొడవునది సుమారు 4 కిలోల 740 గ్రాములు తూగవలెను. తూకము బాగుగా తగ్గినచో ఊచ సన్ననిదన్నమాట. బంగారము కొన్ననాడు తూకము చూచుకొను మనము ఇనుముకొన్ననాడు ఎందుకు చూడము?

పోత పోయునాటి ముఖ్య రహస్యము నీటిలో నున్నది. కాంక్రీటు జారుగానున్న పని సులువగును. అందుచేత కూలివారు బిందెలు బిందెలుగా నీరు పోయుదురు. భారత ప్రమాణముల సంస్థ 2000 సంవత్సరమున సవరించి ప్రకటించిన 456వ నియమావళి, నేను పైన చెప్పిన పాలునకు బస్తా ఒక్కింటికి 30 లీటర్లు మించరాదనుచున్నది. అనగా 15 లీటర్ల బిందెలు రెండు. ఇసుక తడిగానున్నచో ఇంకను తక్కువ. మూడవ బిందె ఎత్తిన చేయిని ఇంటి యజమానురాలు పట్టుకొనినను తప్పులేదు. ఊచల క్రింద సిమెంటు బిళ్ళలు పెట్టిరో లేదో పోతకు ముందే వంగి చూడవలెను; పోసిన తరువాత చూడనలవికాదు. నీరు నిలువక పోవునట్లు వాటము, తూములు అప్పుడే కుదుర్చుకొనవలెను.

మరునాటినుండి శ్లాబుపై వరిమడివలె గట్లు కట్టి నీరు నిలుపవలెను. నేటి పి.పి.సి. సిమెంటునకు పదిదినములకు తక్కువగాకుండ తడియుండవలెను. సెంట్రింగు అద్దె మిగులునని మేస్త్రి తొందరపడునేమో! 15 అడుగుల లోపు శ్లాబునకైనను పోటీలు కనీసము వారము దినములుండవలెను. అంతకు మించినచో రెండు వారములు.

ఇక మేస్త్రిని ఎన్నుకొనుట. అతడు నిరుడు కట్టిన ఇంటిని గాక, ఐదారేండ్ల క్రిందట కట్టిన ఇంటిని వానకాలమున చూచిరండు. ఆ ఇంటివారిని అడిగినచో ఉన్నమాట చెప్పుదురు. మేస్త్రులందరును మోసగాండ్రని నా అభిప్రాయము కాదు. తరచుగా మనమే చదరపుటడుగునకు పదిరూపాయలు తెగ్గొట్టి, ఆ లోటును సిమెంటులో పూడ్చుకొనుమని అతనికి దారి చూపుచున్నాము.

ఒడంబడిక కాగితముపై నుండవలెను. కూలి గుత్తయా, సామానుతో కూడిన గుత్తయా? సెంట్రింగు అద్దె ఎవరిది? కొలతలో సన్‌షేడులు చేరునా? పరంజా మీదినుండి కూలివాడు పడినచో వైద్యపు ఖర్చు ఎవరు భరింతురు? ఈ చివరి ప్రశ్నను అడుగుటకు మనకు నోరు రాదు. అదియే ముందుగా అడుగవలసినది. బజానా కొద్దిగా నిచ్చి, పని సాగినకొలది సొమ్ము చెల్లించి, పదియవ వంతు ఒక వానకాలము గడచువరకు నిలుపుకొనుట మంచిది. ఆ నిలుపుదలను కూడ ముందే వ్రాసికొనవలెను. చివర చెప్పినచో అది ఎగవేత యనిపించును.

మేస్త్రికి చదువు రానిచో, అతని వాడుకమాటలలోనే వ్రాసి, బిగ్గరగా చదివి వినిపించి, ఒక ప్రతి అతనికిచ్చి, ఒకటి మనము దాచుకొనవలెను.

అనుభవజ్ఞులైన మేస్త్రులు కొందరు ఈ సభలోనే వెనుక వరుసలలో కూర్చున్నారు. నేను విడిచినదానిని వారు చెప్పుదురుగాక. సెలవు.