ఇంగ్లీషు పరీక్ష రాసే నర్సుకు మనం తోడుండాలి

(బాన్సువాడలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతంలో విదేశం అనగానే గల్ఫుకు పోయిన మగవాళ్లే గుర్తుకొస్తారు. దుబాయికో మస్కట్టుకో పోయిన భర్త, ఇక్కడ పిల్లల్నీ పొలాన్నీ అప్పునీ మోసే భార్య. ఈ సమస్య మీద మనం చాలా ఏళ్లుగా మాట్లాడుతున్నాం. ఇప్పుడు స్త్రీలు తమ చదువును నమ్ముకుని సొంతంగా విదేశాలకు పోవడానికి సిద్ధపడుతున్నారు. వాళ్లలో నర్సులు ముఖ్యులు. జి.ఎన్.ఎం. గానీ బి.ఎస్సీ. నర్సింగ్ గానీ చదివిన అమ్మాయి బ్రిటన్‌లో ఉద్యోగం చేయాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. దానికోసం ట్యూటరును వెతుక్కుంటోంది.

ఇందులో స్త్రీల హక్కుల సంగతేముంది అని కొందరికి అనిపించవచ్చు. ఫీజు ఎవరు కడతారు? చదువుకునే సమయం ఎవరిస్తారు? సర్టిఫికెట్లు ఎవరి బీరువాలో ఉంటాయి? వచ్చిన మార్కుల మీద పెత్తనం ఎవరిది? ఈ నాలుగూ హక్కుల ప్రశ్నలే.

ముందు పరీక్ష సంగతి తెలుసుకుందాం. బ్రిటన్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రెండు పరీక్షలను ఒప్పుకుంటుంది. ఒకటి ఐ.ఇ.ఎల్.టి.ఎస్., రెండోది వైద్యరంగంలో పనిచేసే వారికోసమే పెట్టిన ఓ.ఇ.టి. రెండింటిలోనూ వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలుంటాయి. ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో మొత్తం 9 బ్యాండ్లు. నర్సుకు మూడు భాగాల్లో 7, రాతలో 6.5 రావాలి.

ఈ అంకెలు రాతిమీద చెక్కినవి కావు. 2017లో, ఇంగ్లీషు మాతృభాషగా గల ఆస్ట్రేలియా నర్సులు కూడా ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో తప్పుతున్నారని బ్రిటన్ పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఆ ఏడాది చివర్లోనే కౌన్సిల్ ఓ.ఇ.టి.ని ఒప్పుకుంది. 2018 డిసెంబరులో రాతకు కావలసిన బ్యాండును 7 నుంచి 6.5కు తగ్గించింది. 12 నెలల లోపు రెండుసార్లు రాస్తే ఆ మార్కులను షరతులతో కలిపి చూడడానికి 2023లో నిబంధనలు సడలించింది. అంటే గీత గీసింది మనుషులే, ప్రశ్నిస్తే జరిపిందీ మనుషులే. తప్పిన అమ్మాయి తనకు తెలివి లేదని కుమిలిపోనక్కరలేదు.

తెలుగు మీడియంలో పదో తరగతి చదివిన పిల్లకు ఇదంతా సాధ్యమేనా? 2022లో మన బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రికి తల్లిపాలను ప్రోత్సహించినందుకు జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. అలాంటి గుర్తింపు వట్టి గోడలకు రాదు. కొత్త బాలింతకు ధైర్యం చెప్పి, అత్తగారి సందేహాలు తీర్చి, మొదటి గంటలోనే బిడ్డకు పాలు పట్టించే పని నర్సులది. ఒకరితో తెలుగులో, ఇంకొకరితో ఉర్దూలో మాట్లాడి ఒప్పించాలి. ఓ.ఇ.టి. మాట్లాడే పరీక్షలో అడిగేది అచ్చం ఇదే. భయపడుతున్న రోగి మాట ఓపికగా విని, అర్థమయ్యేలా చెప్పగలదా లేదా అని చూస్తారు. రాత పరీక్షలో ఒక రోగి వివరాలిచ్చి 180 నుంచి 200 మాటల్లో ఉత్తరం రాయమంటారు. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకు ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో తెలిసిన మనిషికి ఆ పని కొత్త కాదు. కొత్తది భాష ఒక్కటే. దొరల యాస కూడా అక్కరలేదు. మాట స్పష్టంగా ఉంటే చాలు.

అయితే ఆ భాష వల్లెవేస్తే రాదు. చాలాచోట్ల ట్యూటర్లు వ్యాసాలు కంఠస్థం చేయిస్తారు. అప్పజెప్పిన వ్యాసాన్ని పరీక్షకులు పసిగట్టి మార్కులు తగ్గిస్తారు. మంచి ట్యూటరు ముందుగా ఒక పరీక్ష పెట్టి, ఏ భాగంలో వెనకబడి ఉందో చెబుతారు. వారం వారం ఆమె రాసినదాన్ని దిద్ది, ఎందుకు దిద్దారో వివరిస్తారు. ఆమె మాటను రికార్డు చేసి ఆమెకే వినిపిస్తారు. డబ్బు కట్టేముందు వారానికి ఎన్ని రాతలు దిద్దుతారో అడగాలి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోవాలి. "ఏడు బ్యాండ్లు గ్యారంటీ" అనేవాళ్లను నమ్మకూడదు. ఆ హామీ ఇవ్వగల ట్యూటరు ఎక్కడా లేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వరాదు.

ఇంకొక మాట. నేర్పే వంకతో వేళకాని వేళ ఫోన్లు చేసినా, అసభ్యంగా ప్రవర్తించినా మౌనంగా భరించనక్కరలేదు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం శిక్షణా సంస్థలకూ వర్తిస్తుంది. 10 మంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న చోట జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఇక డబ్బు. ఒక్కసారి ఐ.ఇ.ఎల్.టి.ఎస్. రాయడానికే 16,000 రూపాయలకు పైన అవుతుంది. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు కనీసం 20,000 ఇవ్వాలని కేంద్రం వేసిన కమిటీ 2016లో సిఫారసు చేసింది. అది దక్కని నర్సులు ఎందరో మీకు తెలుసు. అప్పుచేసి పరీక్ష రాసే అమ్మాయిని ఏజెంటు సులువుగా పట్టుకుంటాడు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ట రుసుము 30,000 రూపాయలు, దానిమీద జి.ఎస్.టి. బ్రిటన్ ప్రభుత్వ నియామక నియమావళి ప్రకారమైతే ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర రుసుమే తీసుకోకూడదు. పైగా 2024 నుంచి అక్కడ విదేశీ నర్సుల నియామకాలు బాగా తగ్గాయి. మార్కులు రెండేళ్ల వరకే చెల్లుతాయి కాబట్టి ఉద్యోగాల సంగతి తెలుసుకున్న తర్వాతే పరీక్షకు డబ్బు కట్టడం మంచిది.

ఇంటి సంగతి చెప్పకపోతే ఈ మాట పూర్తికాదు. పంజాబులో అమ్మాయికి మంచి బ్యాండు వస్తే అబ్బాయి తరఫువాళ్లు ఖర్చులు పెట్టుకుని పెళ్లిచేసి, ఆమె వీసా మీద అబ్బాయిని విదేశానికి పంపే పద్ధతి వచ్చింది. కట్నం రూపాయల నుంచి బ్యాండ్లకు మారింది, అంతే! ఆమె చదువు మళ్లీ ఇంకొకరి ప్రయాణానికి టికెట్టయింది. మన దగ్గర కూడా "నువ్వు ముందు పో, తర్వాత మావాణ్ని పిలిపించు" అనే సంబంధాలు వస్తే ఆశ్చర్యం లేదు. పోవాలో, ఉండాలో, ఎవరిని పిలిపించాలో తేల్చుకోవలసింది ఆ అమ్మాయే.

మన సంఘాలు చేయగలిగిన పనులున్నాయి. ఐదారుగురు నర్సులను కలిపి ఒకే ట్యూటరును కుదిర్చితే ఖర్చు తగ్గుతుంది, ఒకరికొకరు తోడుంటారు. నైట్ డ్యూటీ చూసుకుని తరగతి వేళలు పెట్టించాలి. చదువుకునే రోజుల్లో పిల్లల్ని చూసుకోమని ఆమె భర్తతో, అత్తతో మనమే మాట్లాడాలి. మన దేశంలో ఐ.ఇ.ఎల్.టి.ఎస్.కు పాస్‌పోర్టే గుర్తింపు పత్రం. కాబట్టి పదో తరగతి మెమోలో, నర్సింగ్ రిజిస్ట్రేషన్‌లో, పాస్‌పోర్టులో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూడాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చిన వాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీకి పోయే నర్సులకు జర్మన్ భాష నేర్పే కార్యక్రమాలు చేపట్టింది. అలాంటి శిక్షణ ఇంగ్లీషుకూ కావాలని, హైదరాబాదులోనే కాక ఇక్కడా కావాలని మనం అడగాలి.

అందరూ విదేశాలకు పోవాలని నేను అనడం లేదు. ఇక్కడే ఉండి గౌరవప్రదమైన జీతం అడగడం కూడా హక్కే, దానికోసం కూడా మనం పోరాడాలి. పోదలచుకున్న చెల్లెలు మాత్రం అప్పుల భయంతో, ఎవరి దయమీదో ఆధారపడి పోకూడదు. తన పాస్‌పోర్టు, తన మార్కులు, తన నిర్ణయం తన చేతిలో పెట్టుకుని పోవాలి.