పట్టా మన పేరు మీద ఉంది

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసల్లో కూర్చున్న వాళ్లలో సగం మంది మా హాస్టళ్లలో చోడి జావ తాగి పెరిగినవాళ్లే. మీకు మీసాలొచ్చినా, ఉద్యోగాలొచ్చినా మాకు పిల్లలే. అందుకని ఈ రోజు కాస్త గట్టిగా మాట్లాడితే ఏమీ అనుకోకండి.

సంఘం వాళ్లు చదువు గురించి మాట్లాడమన్నారు. అది ఇంకోసారి మాట్లాడుకుందాం. ఈ మధ్య మా దగ్గర చదివి, ఇప్పుడు డిగ్రీ చేస్తున్న ఒక అబ్బాయి వచ్చాడు. సెల్లులో ఒక వీడియో చూపించాడు. "మేడం, గంజాయి సాగుకి ప్రభుత్వం లైసెన్సు ఇస్తోందట. మా నాన్నకి రెండెకరాల పట్టా ఉంది. అప్లికేషన్ ఎక్కడ పెట్టాలి?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు. ఇంట్లో అప్పుంది, చెల్లెలి చదువుంది. వాడికి ఆ రోజు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. తప్పురా, అలాంటివి అడక్కూడదు అని పంపేశాం. టీచర్ ట్రైనింగులో మాకు మొదట నేర్పింది ప్రశ్న అడిగిన పిల్లాణ్ణి గదమాయించొద్దని. ఆ పని మేమే చేశాం. తర్వాత కూర్చుని చట్టం చదివాం, తెలిసిన వకీళ్లని అడిగాం. ఆ అబ్బాయికి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాం.

ముందుగా, వాడు చూసిన వీడియో పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం, మనమంతా ఎన్‌డీపీఎస్ అని పిలిచేది, 8వ సెక్షన్‌లో గంజాయి మొక్కను పెంచడాన్ని నిషేధించింది. అదే చట్టం 10వ సెక్షన్‌లో, కావాలంటే రాష్ట్ర ప్రభుత్వం అనుమతించి నియంత్రించవచ్చు అంది. 14వ సెక్షన్‌లో నార కోసం, గింజ కోసం పెంచడానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవచ్చు అంది. ఈ కిటికీలోంచే ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సు ఇచ్చింది. హిమాచల్ ప్రదేశ్ శాసనసభ 2024 సెప్టెంబరులో మందులకు, పరిశ్రమలకు పనికొచ్చే సాగు వైపు అడుగు వేసింది. వీడియో వాళ్లు అక్కడివరకు చెప్పి ఆపేస్తారు. ఏ రాష్ట్రం, ఏ మొక్క, ఎవరికి అనేది చెప్పరు.

ఉత్తరాఖండ్‌లో అనుమతి ఇచ్చింది మత్తు ఇవ్వని రకానికి. మత్తు పుట్టించే టీహెచ్‌సీ అనే పదార్థం అందులో వందకి 0.3 పాళ్లు దాటకూడదు. దాటితే లైసెన్సున్న పంట కూడా ధ్వంసం చేయాల్సిందే. మరి మన కొండల్లో వేసింది ఏమిటి? 'శీలావతి'. మత్తు బాగా ఎక్కాలనే ఏరి ఏరి పెంచిన రకం. దానికి ఆడపిల్ల పేరు పెట్టిన మహానుభావుడెవడో గానీ, ఆ పేరు విన్నప్పుడల్లా మాకు ఒళ్లు మండుతుంది. ఆ గింజ తెచ్చి వేసి 'ఇది నార పంట' అంటే ఏ ల్యాబూ ఒప్పుకోదు. పక్క గట్టు మీద మత్తు రకం ఉంటే దాని పుప్పొడి గాలికి వచ్చి మన మొక్కల మీద పడుతుంది. మర్నాటి విత్తనం ఏ రకమో మనకే తెలియదు.

ఇక మన రాష్ట్రం. మన దగ్గర రైతులకు గంజాయి సాగు లైసెన్సు ఇచ్చే పథకం లేదు. పాడేరు ఐటీడీఏలో లేదు, తహశీల్దారు దగ్గర లేదు, సచివాలయంలో లేదు. ఎవరైనా ఫారం తెచ్చి సంతకం పెట్టమన్నా, లైసెన్సు ఫీజు అని డబ్బు అడిగినా, ఆ మనిషి ముఖం గుర్తుపెట్టుకోండి.

కొందరు పెద్దపిల్లలు ఇంకో మాట అడుగుతారు. పీసా చట్టం ఉంది కదా, మత్తు పదార్థాల మీద గ్రామసభకు అధికారం ఉంది కదా, గ్రామసభ తీర్మానం చేస్తే చాలదా అని. మంచి ప్రశ్న. పీసా 1996లో వచ్చింది. మత్తు పదార్థాలను నిషేధించడానికి, అమ్మకాన్ని అదుపు చేయడానికి గ్రామసభకు అందులో అధికారం ఉన్నమాట నిజం. మన జీలుగు కల్లు, ఇప్పసారా విషయంలో బయటివాళ్లు పెత్తనం చేయకుండా అడ్డుకునేది అదే. కానీ పార్లమెంటు చట్టం నేరం అన్నదాన్ని గ్రామసభ తీర్మానం పర్మిట్‌గా మార్చలేదు. మన గ్రామసభ గంజాయి వద్దు అని తీర్మానం రాస్తే చెల్లుతుంది. పెంచుకోండి అని రాస్తే ఆ కాగితమే రేపు కోర్టులో మన మీద సాక్ష్యం అవుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. భూమి కాగితం.

మన ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో రెండు రకాల కాగితాలుంటాయి. పాత పట్టా, లేకపోతే 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా. మొదటిదాన్ని గిరిజనేతరుడికి అమ్మడం, కౌలుకివ్వడం చెల్లదని 1/70 చట్టం చెబుతుంది. రెండోది పిల్లలకు వారసత్వంగా వస్తుంది గానీ ఎవరికీ బదలాయించడానికి లేదు. ఈ రెంటి కోసం మన తాతలు, తండ్రులు ఎన్ని ఆఫీసుల ముందు కూర్చున్నారో మీలో చాలామందికి తెలుసు.

పైనుంచి వచ్చే షావుకారుకి ఈ చట్టాలు మనకంటే బాగా తెలుసు. వాడు మన దగ్గర కౌలు కాగితం రాయించుకోడు. రాయించుకుంటే చెల్లదు, పైగా వాడి పేరు బయటపడుతుంది. విత్తనం ఇస్తాడు, ఎరువు ఇస్తాడు, చేతిలో కొంత అడ్వాన్సు పెడతాడు. అంతా నోటి మాటే. పంట కోసే రోజున ధర వాడే చెబుతాడు. తక్కువ ఇచ్చాడని మనం ఏ స్టేషన్‌కి వెళ్లగలం? పోలీసులు వచ్చిన రోజున మాత్రం సర్వే నంబరు ఎవరిదో, పట్టా ఎవరి పేరు మీదుందో చూస్తారు. వాడి పేరు ఎక్కడా లేదు. మన పేరు ప్రభుత్వ రికార్డులో అచ్చయి ఉంది.

సాగు చేసినందుకు 20వ సెక్షన్ కింద 10 ఏళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 'ఇన్ని మొక్కలలోపు పర్వాలేదు' అన్న లెక్క సాగుకి లేదు. మా అన్న వేశాడు, మా బావ వేశాడు, మాకేం తెలుసు అంటే కూడా కుదరదు. మన భూమిలో వేశారని తెలిసినప్పుడు వెంటనే పోలీసులకో సంబంధిత అధికారులకో చెప్పే బాధ్యత భూమి ఉన్నవాళ్ల మీద పెట్టింది 46వ సెక్షన్. తెలిసీ ఊరుకుంటే అదీ నేరమే. సర్పంచులకు, ఊరి అధికారులకు కూడా ఇదే బాధ్యత ఉంది. ఈ మాట అన్నప్పుడు వేదిక మీద ఒకరిద్దరు మా వైపు చూశారు. చూడాలనే అన్నాం.

మీరే చూశారు, 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన్ పేరుతో మన మండలాల్లో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల సరుకు కుప్పపోసి కాల్చారు. తర్వాత సాగు చాలావరకు సరిహద్దు దాటి ఒడిశా వైపు జరిగింది. కానీ దారి మన మీదుగానే. అందుకని ఇప్పుడు వాళ్లకి మన పొలం కంటే మన పిల్లల భుజాలతో, బైకులతో ఎక్కువ పని పడుతోంది. మోత కూలి అంటారు. ముందు బండి మీద వెళ్లి చెక్‌పోస్టు ఉందో లేదో ఫోన్ చేస్తే చాలు, పైలటింగ్ అంటారు. ఏమీ ముట్టుకోలేదు కదా అనుకుంటారు మనవాళ్లు. సహకరించినవాడికీ, కుట్రలో ఉన్నవాడికీ అదే శిక్ష అని 29వ సెక్షన్.

తూకం లెక్క కూడా చెబుతాం, లెక్కల్లో మీరు ఎప్పుడూ వీకే. కిలో వరకు దొరికితే ఏడాది వరకు జైలు, 10 వేల వరకు జరిమానా. కిలో దాటి 20 కిలోల వరకు అయితే 10 ఏళ్ల వరకు. 20 కిలోలు దాటితే 10 ఏళ్లకు తగ్గదు, 20 ఏళ్ల దాకా పోవచ్చు, జరిమానా లక్ష నుంచి 2 లక్షలు. అక్కడ జడ్జి గారు జాలిపడినా 10 ఏళ్ల కంటే తగ్గించలేరు. బెయిలు కూడా 37వ సెక్షన్ వల్ల చాలా కష్టం. మోసేవాడు సంచిని తూకం వేసి చూడడు. రెండేసి కిలోల ప్యాకెట్లు పది ఉన్నాయో పదకొండు ఉన్నాయో వాడికి తెలియదు. ఆ పదకొండో ప్యాకెట్ మీద పదేళ్ల జీవితం ఉంటుంది.

మా హాస్టల్లో ఒక అమ్మాయి ఉండేది. తెలివైన పిల్ల. ఏడో తరగతిలో ఉండగా తండ్రిని తీసుకెళ్లారు. షావుకారు సంచిని ఘాట్ రోడ్డు దాకా దింపడానికి వెళ్లాడు. ప్రతి ఏడాది జూన్‌లో మేము పిల్లల వివరాల ఫారం నింపుతాం. తండ్రి వృత్తి అన్న గడి దగ్గర ఆ పిల్ల కలం ఆపేసేది. మొదటి ఏడాది 'వ్యవసాయం' అని మేమే రాశాం. రెండో ఏడాది తనే 'లేదు' అని రాసింది. వాళ్లమ్మ మూడు నెలలకోసారి విశాఖ వెళ్లి జైల్లో ములాఖత్ చూసుకుని, వస్తూ వస్తూ మా దగ్గర ఆగేది. బస్సు చార్జీలకు కోళ్లు అమ్మేది. కోళ్లు అయిపోయాక మేక. జామీనుకి ఇద్దరు కావాలంటే ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. సంచి ఇచ్చిన షావుకారు ఏ ఊరివాడో ఈనాటికీ ఆమెకు తెలియదు. ఆ పిల్ల తొమ్మిదిలో ఆగిపోయింది. మేము రెండుసార్లు ఇంటికి వెళ్లాం. మూడోసారి వెళ్లి ఉండాల్సింది.

నిజం ఒప్పుకుందాం. మనవాళ్లు దుర్మార్గులై గంజాయి వేయలేదు. కాఫీ మొక్క కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్లు. గంజాయి తొలకరికి వేస్తే చలికాలానికల్లా చేతిలో డబ్బు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ గుర్తింపు వచ్చినంత వేగంగా రోడ్డు రాలేదు. పసుపు, రాజ్మా, పిప్పళ్లు సంతకి మోసుకెళ్తే దళారి చెప్పిందే ధర అయ్యే ఊళ్లు ఇంకా ఉన్నాయి. గంజాయి వద్దు అని మాకు చెప్పే అధికారులు అదే నోటితో మిరియాలకి ధర ఎంత ఇస్తారో కూడా చెప్పాలి. మీరు అడగాలి, గ్రామసభలో, రాతపూర్వకంగా.

రేపెప్పుడైనా మన రాష్ట్రం కూడా నార పంటకో మందు పంటకో లైసెన్సు పెట్టొచ్చు. మాకు దాని మీద భయమూ లేదు, ఆశా లేదు. ఆ రోజున మీరు అడగాల్సింది ఒకటే: లైసెన్సు ఎవరి పేరు మీద? కంపెనీ పేరు మీద లైసెన్సు, మన పేరు మీద పట్టా, మన చేతికి కూలి అయితే, షావుకారు కాగితాలతో వచ్చాడని అర్థం.

ఇటుకల పండుగకి మా వైపు విత్తనాలన్నీ తెచ్చి దేవత ముందు పెడతారు. చోళ్లు, సామలు, కందులు. తోటలు నిండా ఉన్న ఏళ్లలో కూడా గంజాయి గింజను ఆ బుట్టలో పెట్టినవాళ్లను మేము చూడలేదు.

చివరగా పని మాటలు. ఎవరినైనా సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందుగానీ మెజిస్ట్రేటు ముందుగానీ చేయమని అడిగే హక్కు 50వ సెక్షన్‌లో ఉంది. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, న్యాయ సేవల ఫోన్ నంబరు 15100. గంజాయి సమాచారం చెప్పడానికి రాష్ట్రంలో 1972. అలవాటు పడిన తమ్ముళ్లుంటే దాచొద్దు, చికిత్సకి తనంతట తాను ముందుకొచ్చినవాడికి చట్టంలో మినహాయింపు ఉంది.

భోజనాలయ్యాక మేమూ, ఇద్దరు వకీళ్లూ స్కూలు వెనక గదిలో నాలుగింటి దాకా ఉంటాం. ఇంట్లో కేసు ఉన్నవాళ్లు ఎఫ్ఐఆర్ జిరాక్సు తీసుకురండి. కేసు నంబరు తెలియకపోతే పేరు, స్టేషన్ చెప్పండి, వెతుకుదాం. సిగ్గుపడి బయట చెట్టు కింద నిలబడొద్దు, నేరుగా లోపలికి రండి.