చేపలు లేని తొట్టె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



పొద్దున్నుంచి సైన్సు ల్యాబులోకి తొంగిచూసి వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను ఒకటే అడుగుతున్నారు. "ఏమయ్యా ఇంజనీరూ, అందరి దగ్గరా చందాలు వసూలు చేసి కొన్న ఉప్పునీటి తొట్టెలో ఒక్క చేపైనా లేదేం?" అని. రిబ్బను కత్తిరించే వేళకు రెండు చేపలు తిరుగుతుంటే ఫోటోలు బాగుంటాయని కమిటీ వాళ్ళు కూడా గట్టిగానే వాదించారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పమని ఈ పది నిమిషాలు నాకిచ్చారు.

పన్నెండేళ్ళ క్రితం మా ఇంట్లో ఇలాంటిదే 200 లీటర్ల తొట్టె పెట్టాను. పంపు ఎంత తోడాలి, అద్దం ఎంత మందం ఉండాలి, అన్నీ కాగితం మీద లెక్క వేసుకున్నాను. రెండు రోజులు నీళ్ళు తిరిగితే చాలన్నాడు చేపలమ్మిన అతను. మూడో రోజున నారింజ రంగు మీద తెల్లపట్టీలుండే క్లౌన్ చేపలు రెండు, నీలం డామ్సెల్ ఒకటి తెచ్చి వేశాం. అప్పుడు ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి మూడింటికీ పేర్లు పెట్టింది. రెండు రోజులకే మేత ముట్టడం మానేశాయి. నీటి పైకి వచ్చి గబగబా మొప్పలాడించేవి. తొమ్మిదో రోజు పొద్దున్న లేచేసరికి మూడూ పోయాయి. "నీళ్ళు అంత తేటగా ఉన్నాయి కదా నాన్నా, ఎందుకు చచ్చిపోయాయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఆ జవాబు ఇదే బడిలో సైన్సు మాస్టారు బోర్డు మీద బాణాలు గీసి చెప్పారు. నత్రజని వలయం. పరీక్షలో నేనూ ఆ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. మాస్టారు ముందు వరుసలోనే ఉన్నారు, క్షమించాలి.

చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే వస్తుంది. సముద్రంలో అది ఎక్కడికక్కడ చెదిరిపోతుంది, తొట్టెలో ఎక్కడికి పోతుంది? ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటును చేపలు కొంతవరకు తట్టుకుంటాయి, అప్పుడప్పుడు కొంత నీళ్ళు మార్చి తగ్గించుకోవచ్చు. ఈ సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలోనే వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త వేరుచేసి చూపాడు. పాలను తోడుపెట్టే సూక్ష్మజీవులైతే రాత్రికి రాత్రి పని ముగిస్తాయి. ఇవి ఒకటి రెండు కావడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైన పడుతుంది. కొత్త తొట్టెలో అవి పెరిగేవరకూ చేప తను వదిలిన విషంలోనే ఈదుతుంది.

ఉప్పునీటిలో ఇంకో చిక్కుంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పల్ని దెబ్బతీస్తుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో ఆ రెండో రూపం సుమారు 200 వంతుల్లో ఒక వంతు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర అది నూటికి ఆరేడు వంతులకు చేరుతుంది. అందుకే మంచినీటి తొట్టెలో చెల్లిపోయే తొందరపాటు ఇక్కడ చెల్లదు.

ఇక్కడున్న వాళ్ళలో రొయ్యల చెరువులున్న వాళ్ళు చాలామంది. వాళ్ళకు నేను చెప్పేదేముంది? నీటికి కలర్ రాకుండా సీడు వేస్తారా? అర్ధరాత్రి కరెంటు పోతే ఏరేటర్ల కోసం జనరేటరు దగ్గరికి ఎలా పరిగెత్తుతారో నేను కళ్ళారా చూశాను. తొట్టెలో పనిచేసే ఆ జీవులకూ ఆక్సిజన్ కావాలి. కాబట్టి పంపుకు ఇన్వర్టరు లైను వేయించాలి. (దానికి చందా మళ్ళీ అడుగుతాను, ఇప్పుడే లేచి వెళ్ళిపోకండి.)

ల్యాబులో జరుగుతున్నది ఇదీ. ఆర్.ఓ. నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపాం. రాళ్ళు, ఇసుక పరిచాం. మిత్రుడొకరి పాత తొట్టెలోంచి ఒక రాయిని తడిగుడ్డలో చుట్టి తెచ్చి వేశాను. అది మన తోడు చెంచా. చేపకు బదులు అమ్మోనియం క్లోరైడు ద్రావణాన్ని లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వచ్చేలా కలిపాం. ఇవాళ పందొమ్మిదో రోజు. అమ్మోనియా దిగుతోంది, నైట్రైటు పరీక్షనాళిక మాత్రం ఇంకా ముదురు ఊదారంగులోనే ఉంది. మళ్ళీ అంతే మోతాదు కలిపిన 24 గంటల్లో రెండూ సున్నాకు దిగాలి. అప్పుడు సగానికి పైగా నీళ్ళు మార్చి, రెండంటే రెండు చేపలు వేస్తాం. మామూలుగా దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు కూడా సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీలో పుట్టినవే తెస్తాం. క్లౌన్ చేపలను అలా పెంచే పద్ధతిని మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలే రూపొందించారు.

టీచర్లకు రెండు మనవులు. ఆ జీవులు ఉండేది ప్రధానంగా నీటిలో కాదు, రాళ్ళ మీద, ఫిల్టరు స్పాంజి మీద. మా ఇంట్లో రెండో ప్రయత్నంలో, నాలుగో వారంలో, జిగురు పట్టిందని స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా ఉతికాను. క్లోరిన్ నీళ్ళు. మళ్ళీ మొదటికొచ్చింది. తీసిన తొట్టె నీటిలోనే ఒకసారి పిండితే చాలు. రెండోది, ఆవిరై తగ్గిన నీటికి బదులు మంచినీళ్ళే పోయాలి. ఆవిరైంది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉంటుంది. ఉప్పునీళ్ళు పోస్తే రోజురోజుకూ చిక్కబడుతుంది.

రోజూ కొలతలు రాయడానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టారు. చేపలు వేసే రోజు వాళ్ళే నిర్ణయిస్తారు, కమిటీ కాదు. అమ్మోనియం క్లోరైడు సీసా పిల్లలకు అందకుండా బీరువా పై అరలో ఉంది, తాళంచెవి హెడ్మాస్టరు గారి దగ్గర ఉంది.