మాత్ర మింగితే జ్వరమెందుకు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రోగక్రిములను గురించి, శరీరం వాటిని ఎదుర్కొనే తీరును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. విషయం చాలా పెద్దది. అందుచేత మన రామచంద్రపురానికీ, ఈ గోదావరి డెల్టాకీ తరతరాలుగా తెలిసిన ఒక్క జబ్బునే తీసుకుంటాను. అది బోదకాలు.

దీనికి మాత్రలు పంచడానికి వచ్చినప్పుడు ఇళ్ళలో వినిపించే మాట ఒకటుంది. "మాకు జబ్బు లేదు. మింగితే జ్వరం వస్తుందట. మాకెందుకమ్మా?" ఈ మాటకే నేను జవాబు చెప్పదలచాను.

ఈ జబ్బు దారంలాంటి సన్నని పురుగు వల్ల వస్తుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని ఒకరినుంచి ఒకరికి చేరవేస్తుంది. దోమలో ఈ పురుగు పెరుగుతుందని 1877లో చైనాలో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు కనిపెట్టాడు. మన ఒంట్లో రక్తనాళాలతోపాటు శోషరస నాళాలని సన్నని కాలవలున్నాయి. పెద్ద పురుగులు వాటిలో ఆరేడు సంవత్సరాలు కాపురముండి, లక్షలాది పిల్లల్ని రక్తంలోకి వదులుతాయి. ఆ పిల్లలు పగలు లోపల దాగి, రాత్రి పొద్దుపోయాక పైకి వస్తాయి. రక్తపరీక్షకు సిబ్బంది రాత్రివేళ వచ్చేది అందుకే.

మరి శరీరం ఊరుకుంటుందా? పరాయి క్రిమి చొరబడితే తెల్లకణాలు గుర్తుపట్టి మీద పడాలి. కాని ఈ పురుగు మహా జిత్తులమారి. తాను విడిచే పదార్థాలతో ఆ కణాల వేడిని చల్లార్చేస్తుంది. కాబట్టి ఒంట్లో పురుగున్నా మనిషికి ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. కాలవలు చెడి కాలు వాచాకగాని బయటపడదు. కాలు బాగానే ఉంది కదా అని జబ్బు లేదనుకోవడానికి వీల్లేదు.

ఇక మందు. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల 1947లో దీన్ని లోకానికి అందించింది. అదే డి.ఇ.సి. మాత్ర. దీనిలో ఒక విచిత్రం ఉంది. గాజు గొట్టంలో పురుగు పిల్లలమీద ఈ మందు వేస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు. ఒంట్లోనైతే చస్తాయి. అంటే మన రక్షణ కణాలు చెయ్యి కలిపితేనే మందు పనిచేస్తుందన్నమాట. పిల్లలు ఒక్కసారిగా చచ్చినప్పుడు శరీరం వేడెక్కుతుంది. జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు సాధారణంగా అందువల్లే. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. బాధ ఎక్కువైతే డాక్టరుకు చూపించాలి. అసలు ఈ జ్వరం ఎక్కువగా వచ్చేది ఒంట్లో పురుగు ఉన్నవారికే. ఎవరు జ్వరానికి జడిసి మానేస్తారో, మాత్ర అవసరం వారికే ఎక్కువ కావచ్చు.

ఖాళీ కడుపున మింగకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భవతులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వకూడదు.

కాలు బాగా వాచిపోయాక ఈ మాత్ర ఆ వాపును పూర్తిగా తీసివేయలేదు. అటువంటివారికి మాటిమాటికీ వచ్చే చలిజ్వరం వేళ్ళ సందుల్లోని పగుళ్ళగుండా వేరే క్రిములు చొరబడటంవల్ల వస్తుంది. రోజూ సబ్బుతో కడుక్కోవాలి. వజూకు కాళ్ళు కడుక్కోవడం మనకు అలవాటే. కడిగాక వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో తడిలేకుండా అద్దుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి.

దేశమంతటా ఈ మాత్రలు పంచే కార్యక్రమం 2004లో మొదలైంది. ఎప్పుడు మన వీధికి వచ్చినా, తీసుకుని గూట్లో పెట్టకండి. మింగండి, ఇరుగుపొరుగుచేత మింగించండి.