అటకల మీది పుస్తకాలు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాల 75 సంవత్సరాల చరిత్రను నాకంటె పెద్దలు ఇదే వేదికపై చక్కగా వివరించినారు. నాకు కేటాయించిన సమయాన్ని ఒకే ఒక విషయానికి వినియోగింపదలచినాను. అది పాత పుస్తకాల విషయం. మరింత స్పష్టంగా చెప్పవలెనంటే, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో మన ఇండ్ల అటకలమీద, ట్రంకుపెట్టెలలో, దేవుని గూటి ప్రక్కన, పాత బట్టలో చుట్టి ఉంచిన తెలుగు పుస్తకాల విషయం.

మన ప్రాంతపు స్థితి కొంత విచిత్రమైనది. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడం, సంతలో రెండునూ. 2007లో కోలారు నుండి విడివడి చిక్కబళ్లాపురం ప్రత్యేక జిల్లా అయినది గాని, ఈ పద్ధతి అంతకు ఎన్నో తరాల పూర్వం నుండియే ఉన్నది. ఇందులో నాకు ఫిర్యాదేమియు లేదు. కన్నడం మన రాష్ట్రభాష, మన పిల్లలకు అన్నం పెట్టే భాష. అయితే దీనివలన కలిగే నష్టం ఒకటున్నది. తాత చదివిన పుస్తకాన్ని ఎవరైనా పైకి చదివి వినిపించినచో మనుమడు చక్కగా అర్థం చేసికొంటాడు, నవ్వవలసిన చోట నవ్వుతాడు. అదే పుస్తకాన్ని చేతికిచ్చినచో తలక్రిందులుగా పట్టుకొంటాడు. అన్యదేశాలలో భాష నశించినందువలన గ్రంథాలు మరుగునపడినవని చరిత్రలో చదువుకున్నాము. మనయెడల భాష నట్టింట తిరుగుతూ ఉండగానే, అక్షరం తెలియనందువలన గ్రంథం మరుగునపడుతున్నది. ఆ పిమ్మట పాత వార్తాపత్రికలతో కలిసి తూకానికి పోతున్నది.

కైవారం తాతయ్యగారినే తీసికొనండి. చింతామణి తాలూకా కైవారంలో పుట్టి, గాజుల మలారం భుజాన వేసికొని ఊరూరు తిరిగిన నారాయణప్ప, యోగి నారేయణగా మనకందరికీ పూజ్యులైనారు. వారు 1726లో జన్మించి 110 సంవత్సరాలు జీవించినారని భక్తుల విశ్వాసం. తెలుగులోను, కన్నడంలోను కీర్తనలు రచించినారు. తెలుగున శతకం చెప్పినారు, కాలజ్ఞానం చెప్పినారు. ‘అమరనారేయణ’ అను ముద్ర వినగానే ఇక్కడ కూర్చున్న అవ్వలు చేతులు జోడిస్తారు. నేడు మన పల్లెల భజనలలో ఆ తెలుగు కీర్తనలను పాడేవారిలో పెక్కుమంది చేతిలోనిది కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకం. ఇది చింతింపవలసిన విషయమని కొందరు పండితులు నాతో అన్నారు. నేను అంగీకరింపలేదు. లిపి మారినందువలననే ఆ కీర్తనలు నేటికిని కంఠాలపై నిలిచియున్నవి. అయితే తాతయ్యగారి పదాలకు భక్తులున్నారు, పర్వదినాలున్నవి. మన అటకల మీది తక్కిన పుస్తకాలకు ఆ భాగ్యం లేదు.

మరుగునపడిన గ్రంథాన్ని వెలికితీయుట మహాపండితుల పని అని మనలో చాలమంది భావిస్తారు. సగం మాత్రమే నిజం. కౌటిల్యుని అర్థశాస్త్రం సంగతి చూడండి. శతాబ్దాల తరబడి దాని పేరు ఇతర గ్రంథాలలో వినబడుతూ ఉండెనే గాని, గ్రంథం కంటికి కనబడలేదు. 1905 ప్రాంతంలో తంజావూరు వైపు నుండి వచ్చిన ఒక పండితుడు తాళపత్ర ప్రతిని మన మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి సమర్పించినాడు. గ్రంథపాలకులైన ఆర్. శామశాస్త్రిగారు దానిని గుర్తించి 1909లో ముద్రింపించినారు. శాస్త్రిగారి పేరు లోకమంతట వ్యాపించినది, వ్యాపింపవలసినదే. కాని తన ఇంటి ప్రతిని మోసికొని వచ్చి గ్రంథాలయపు బల్లపై ఉంచిన ఆ పండితుని పేరు మన పాఠ్యపుస్తకాలలో కానరాదు. ఆయన తేకపోయినచో శాస్త్రిగారు గుర్తించుటకు ఏమున్నది? నేను నేడు ఈ సభలో వెదకుతున్నది శామశాస్త్రులను కాదు, అట్లు తెచ్చి ఇచ్చేవారిని.

అదే 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలుగులోనికి తెచ్చినారు. తెలుగువారు ఆ కవి పేరే మరచియుండిరి. అంతకు పూర్వం కడపలో ఉద్యోగించిన బ్రౌన్ దొర, పండితులకు జీతాలిచ్చి, ఒకే గ్రంథానికి అనేక ప్రతులు సేకరించి, వాటిని సరిపోల్చి, 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయించినాడు. వేమన సమాధి ఉన్నదని చెప్పే కటారుపల్లి, మన బాగేపల్లికి ఉత్తరాన సరిహద్దు దాటిన పిమ్మట కదిరి ప్రాంతంలోనిదే.

వీరందరికంటె నా మనస్సునకు దగ్గరైన ఉదాహరణ బెంగళూరు నాగరత్నమ్మగారిది. 1878లో నంజనగూడులో జన్మించిన ఆమె సంగీత విద్వాంసురాలు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి స్థలాన్ని పునరుద్ధరించుటకు తన ఆస్తిని ధారపోసిన సాధ్వి. కన్నడ దేశంలో పుట్టి తెలుగు కావ్యాలను లోతుగా చదివినది. తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని అను కవయిత్రి పేరు ఒకచోట కనబడగా, ఆమె కావ్యమైన రాధికాసాంత్వనం కొరకు వెదకినది. ముద్రిత ప్రతి దొరికినది. మరియొకరైతే అంతటితో తృప్తిపడెడివారు. ఆమె వ్రాతప్రతిని సంపాదించి పోల్చి చూడగా, ముద్రణలో కొన్ని భాగాలు లోపించినట్లు, కవయిత్రి తన వంశాన్ని గూర్చి చెప్పికొన్న పద్యాలు సైతం విడువబడినట్లు తెలిసినది. స్త్రీ వ్రాసిన గ్రంథం నుండి ఆ స్త్రీ ఎవరో చెప్పే పద్యాలే మాయమైనవి! నాగరత్నమ్మగారు 1910లో వావిళ్ల వారిచేత సమగ్ర ప్రతిని అచ్చువేయించినారు. ప్రభుత్వం దానిని నిషేధించినది. స్వాతంత్ర్యం వచ్చిన 1947వ సంవత్సరంలో గాని ఆ నిషేధం తొలగలేదు. అది శృంగార కావ్యం, బడిపిల్లల చేతికి నేనిచ్చేది కాదు. కాని ఆ పరిశోధన జరిగిన తీరును మాత్రం మన పై తరగతుల బాలికలకు ప్రతి సంవత్సరం చెప్తాను. అచ్చులో ఉన్నదే సమగ్రమని నమ్మక, చేతివ్రాత ప్రతితో పోల్చి చూచుట ఒక విద్య.

ఇక మన ఇండ్లలో ఏమున్నవి? నన్నెచోడుడు ఉండకపోవచ్చును. గడచిన కొన్ని సంవత్సరాలలో పూర్వవిద్యార్థులు తెచ్చి ఇచ్చినవాటిలో శతకాలు, భజన కీర్తనలు, మూలికా వైద్యం, పశువుల రోగాలకు చికిత్సలు, పెండ్లి పాటలు, పెద్దబాలశిక్ష, అట్టలు పోయిన చందమామలు ఉన్నవి. 1947 జూలైలో ప్రారంభమైన చందమామ నేడు వెలువడుట లేదు. కాని ఆ పాత సంచికలు ఇచ్చిన రోజున మా పిల్లలు భోజనపు గంట కొట్టినను లేవలేదు. కొవ్వలివారి నవలలు, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు కూడ వచ్చినవి. ఇవి గ్రంథాలయంలో ఉంచదగినవేనా అని ఒక సహోపాధ్యాయులు సందేహించినారు. ఆ కాలపు పిల్లలు లెక్కల పుస్తకం మధ్య దాచుకొని చదివినవి ఇవే గదా, ఇప్పుడు బహిరంగంగా చదివినచో తప్పేమున్నది? ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర 1941 నాటి ముద్రణ ఒకటి, మొదటి పుటలు లేకుండ లభించినది. 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆ యాత్రికుడు, ఏ మజిలీలో నీరు మంచిది, ఏ ఊరిలో సామానులు దొరకును అని వ్రాసికొన్న తీరు చూచి మా భూగోళశాస్త్ర ఉపాధ్యాయులు ఆ పుస్తకాన్ని నాలుగు వారాలు తిరిగి ఇవ్వలేదు.

ప్రతి సెప్టెంబరు 15న మనం విశ్వేశ్వరయ్యగారి చిత్రపటానికి పూలమాల వేస్తాము. ముద్దేనహళ్లిలో తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన ఆ మహనీయుడు 1920లో ‘రీకన్‌స్ట్రక్టింగ్ ఇండియా’, 1934లో ‘ప్లాన్డ్ ఎకానమీ ఫర్ ఇండియా’ అను గ్రంథాలు రచించినారు. మాల వేసిన మనలో వాటిని తెరచి చూచినవారెందరో లెక్కించుట నాకిష్టం లేదు.

చింతామణిలో తూకానికి పోబోతున్న ఒక గోనెసంచిని మన పూర్వవిద్యార్థి ఒకరు ఆపి ఇక్కడికి తెచ్చినారు. అందులో సగం చెదలు తిన్నవి. మిగిలినవాటిలో పాత పంచాంగాలు కొన్ని. పంచాంగానికి ఆ సంవత్సరం గడిచినచో విలువేమున్నదని అనుకొంటాము. వాటి అంచులలో ఆ ఇంటి పెద్ద పెన్సిలుతో వ్రాసికొన్నవి చూడండి: ఆరుద్రలో వాన పడినది, పుబ్బలో పడలేదు, రాగి నాటిన తేదీ, పట్టుగూళ్లకు వచ్చిన ధర, ఆవు ఈనిన దినం. ఏ ముద్రణాలయంలోను లభింపని గ్రంథం ఆ అంచులలో ఉన్నది. అందువలన మనవి చేస్తున్నాను: పుటల అంచులలో వ్రాతలున్నవని, బొట్టు, పసుపు అంటినవని సంకోచించి పుస్తకాన్ని తుడిచి శుభ్రం చేయకండి. చిరిగినచోట సెల్లోటేపు అంటింపకండి, కొన్నేండ్లకు అది కాగితాన్ని గోధుమరంగు చేసి తినివేయును. ఉన్నది ఉన్నట్లు తెండి.

పిల్లలకు చదువ వచ్చునా అను ప్రశ్నకు వస్తాను. కన్నడం చదివే బిడ్డకు తెలుగు లిపి కొత్త విద్య కాదు. ఈ రెండు లిపులును ఒకే తల్లి బిడ్డలు. ‘గ’, ‘ద’, ‘న’, ‘ర’ అక్షరాలలో తలకట్టు భేదం తప్ప కష్టం లేదు. ‘క’, ‘త’ల వద్ద కొంత తడబడతారు. నా అనుభవంలో దినమునకు అరగంట చొప్పున ఒక నెల చాలును. ఇందులో ఒక వింత కూడ గమనించినాను. పాత తెలుగు ముద్రణలో ‘ధర్మము’, ‘కార్యము’ వంటి మాటలలోని రేఫను ముందు వ్రాయక, అక్షరం తరువాత కుడివైపున ఒక చిన్న గుర్తుతో చూపెడివారు. దానిని వలపలగిలక అంటారు. నేటి తెలుగు పుస్తకాలలో అది లేదు. అందువలన ఆంధ్రదేశంలో చదివి వచ్చిన యువ ఉపాధ్యాయులు సైతం పాత పుస్తకం తెరచిన వెంటనే అక్కడ ఆగిపోతారు. కన్నడంలో ఆ గుర్తు నేటికిని వాడుకలో ఉన్నది! మన ఆరవ తరగతి పిల్లవాడు దానిని తడుముకొనకుండ చదివివేసినాడు. నూరేండ్లనాటి తెలుగు అచ్చును చదువుటలో మన సరిహద్దు బిడ్డలకు ఇట్టి సదుపాయం ఉన్నదని నేను ఏ శిక్షణ కళాశాలలోను వినలేదు. అరసున్న, బండి ఱ మాత్రం మేము నేర్పవలసినదే.

ఇప్పుడు సాధనాలకు కొదువ లేదు. బెంగళూరులోనే ఉన్న మనసు ఫౌండేషన్ వారు తెలుగు పుస్తకాలను సేకరించి డిజిటల్ ప్రతులు చేయించుటలో ఎంతో కృషి చేసినారు. తెలుగు వికీసోర్స్‌లో స్వేచ్ఛగా చదువదగిన పాత గ్రంథాలు అనేకం ఉన్నవి. రచయిత మరణించి 60 సంవత్సరాలు గడచినచో ఆ గ్రంథాన్ని ఎవరైనను తిరిగి ప్రకటింపవచ్చునని మన చట్టం చెప్తున్నది. కావున తల్లిదండ్రులకు ఒక హామీ ఇస్తున్నాను. పుస్తకాన్ని పాఠశాలకు శాశ్వతంగా ఇవ్వవలసిన పని లేదు. రసీదు ఇస్తాము, పుటలకు ఛాయాచిత్రాలు తీస్తాము, పుస్తకాన్ని తిరిగి మీ ఇంటికి చేరుస్తాము. తాతగారి వస్తువు ఇల్లు దాటరాదని భావించే కుటుంబాలను నేను గౌరవిస్తాను. వారు పిలిచినచో మేమే వస్తాము.

చివరగా ఒక నోటుపుస్తకం సంగతి. బాగేపల్లి ప్రాంతపు పల్లెలో సేద్యం చేసికొనే మన పూర్వవిద్యార్థి ఒకరు తన తండ్రిగారి నోటుపుస్తకం తెచ్చినారు. ఆ తండ్రిగారు కురుక్షేత్ర నాటకంలో కృష్ణ వేషం కట్టెడివారు. తెలుగు పద్యాలన్నియు కన్నడ లిపిలో, నీలిసిరాతో, రాగాల పేర్లతో సహా వ్రాసియున్నవి. ఎనిమిదవ తరగతి పిల్లలు వాటిని తెలుగు లిపిలోనికి మార్చుటకు పూనుకొన్నారు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగవిజయాల అచ్చుప్రతిని ప్రక్కన ఉంచి పోల్చినాము. అధికభాగం సరిపోయినది. కాని కొన్ని పద్యాలు ఆ అచ్చులో ఎక్కడను లేవు. ఇతర నాటకాల పుస్తకాలలోను ఇంతవరకు కానరాలేదు. ఒకటి రెండింటిలో గణాలు తప్పినవి, మిగిలినవి నిర్దుష్టంగా నడచినవి. నాటకం నేర్పిన హార్మోనియం మేష్ట్రు స్వయంగా కట్టినవై ఉండునని ఆ ఇంటివారు అంటున్నారు. ఆ మేష్ట్రు వద్ద నేర్చుకొన్నవారు, వారి పిల్లలు ఈ సభలో ఎవరైనను ఉన్నచో, సభానంతరం దయచేసి గ్రంథాలయపు గదికి రండి. నోటుపుస్తకం బల్లమీద తెరచి ఉంచినాము. పిల్లలు ఇరువది మూడవ పుట వద్ద ఉన్నారు.