ఇటలీ మడమ మీద తొమ్మిది రోజులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను ఉపన్యాసకుడను కాను. మెట్రిక్ వరకు చదివి, మా నాన్నగారు సర్వీసులో ఉండగానే పోయినందున రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. వచ్చిన వ్యాగన్లు, పోయిన వ్యాగన్లు లెక్క వ్రాయుట నా పని. అయినా మన కార్యదర్శిగారు, “నీవూ నీ భార్యా ఐరోపా వెళ్ళి స్వయంగా కారు నడుపుకొంటూ తిరిగి వచ్చినారట, ఆ ముచ్చట్లు నాలుగు చెప్పు” అని పట్టుబట్టినారు. పెద్దల మాట కాదనలేక నిలబడినాను. తప్పులుంటే మన్నించండి.

ముందు మీ అందరి మనసులో ఉన్న సందేహము తీర్చుట మంచిది. గుమాస్తా జీతముతో ఐరోపా యాత్ర ఎట్లు సాగినది? నా భార్య బడిపంతులమ్మ. పెండ్లి అయి పదేండ్లు నిండేనాటికి ఒక దూరదేశము చూడవలెనని ఇద్దరము అనుకొని, ఆరేండ్లు నెలనెలా కొంత దాచినాము. రైల్వేవారికి పాసు ఉంటుంది గాని, అది అరేబియా సముద్రము దాటి పనిచేయదు గదా! మా అమ్మాయిని మా అమ్మ దగ్గర వదిలి, 2024 సెప్టెంబరులో బయలుదేరినాము.

ఇటలీ పటము బూటు ఆకారములో ఉంటుందని చిన్నప్పుడు బడిలో అందరము చదివినదే. ఆ బూటు మడమ భాగమునకు పుల్యా అని పేరు. రోము వరకు విమానములోను, అక్కడినుండి బారీ పట్టణము వరకు రైలులోను వెళ్ళినాము. ఆ దేశములో రైలుపట్టాల మధ్య వెడల్పు 1435 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజి 1676. జోడు లైన్ల మీద రైళ్ళు మనవలెనే ఎడమ ప్రక్కన నడుస్తాయి. “పరవాలేదు, మన పద్ధతే” అని సంతోషించినాను. బారీలో కారు అద్దెకు తీసుకొని రోడ్డెక్కగానే ఆ సంతోషము కాస్తా దిగిపోయినది. రైళ్ళు ఎడమన నడిచే ఆ దేశములో కార్లు కుడి ప్రక్కన నడుస్తాయి! స్టీరింగు ఎడమన, గేరు కుడిచేతికి. అలవాటు కొద్దీ గేరు కోసం ఎడమచేయి చాచితే తలుపు తగులుతుంది. ప్రతి మలుపులోను నా భార్య “కుడి, కుడి” అని హెచ్చరిస్తూ వచ్చినది. డ్రైవరును నేను, గార్డు ఆమె. గార్డు జెండా ఊపనిదే బండి కదలలేదు.

ఎవరైనా వెళ్ళదలచుకొంటే రెండు మూడు సంగతులు చెప్పెదను. ఇక్కడి రవాణా కార్యాలయము నుండి అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు తీసుకొని, మన లైసెన్సుతోపాటు దగ్గర ఉంచుకోవలెను. బండి నిలుపుచోట నేల మీద తెల్లగీతలుంటే ఉచితము, నీలిగీతలుంటే రుసుము, పసుపుగీతలైతే ఇతరులకు ప్రత్యేకించినవి. అన్నిటికన్న ముఖ్యమైనది పాతబస్తీ మొగలోని ఎర్రవలయపు పలక. అనుమతి లేని బండ్లు అది దాటరాదు. నేను ఒక ఊరిలో చూడక దాటినాను. ఎవరూ ఆపలేదు, ఈల వేయలేదు. ఇంటికి వచ్చిన మూడు నెలలకు జరిమానా కాగితము వచ్చినది. కెమెరా పని కెమెరా చేసినది, తప్పు నాదే.

బారీ నుండి అరవై కిలోమీటర్లకు పైబడిన దూరములో, ప్రక్క రాష్ట్రములో, మతేరా అనే ఊరున్నది. కొండలోయ అంచున రాతిని తొలిచిన గుహలే ఇండ్లు. వేల యేండ్లుగా మనుషులు కాపురమున్న చోటు. ఇరవయ్యవ శతాబ్దము నడిమికి గాలి, నీరు సరిగా లేని ఆ గుహలలో మనుషులు, పశువులు కలిసి బ్రతుకుట చూచి దేశమంతా సిగ్గుపడినది. 1952లో చట్టము చేసి ఆ జనమును కొత్త ఇండ్లకు తరలించినారు. అవే గుహలను 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. 2019లో ఆ ఊరు ఐరోపా సాంస్కృతిక రాజధానిగా నిలిచినది. ఒకనాడు సిగ్గుపడినదానినే మరొకనాడు గర్వముగా చూపుకొనుట లోకములో ఉన్నదే. ఈ మాట కొంచెము గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

ఆల్బెరోబెల్లోలో సున్నము, మట్టి లేకుండా రాతిపలకలు ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన శంఖాకారపు కప్పుల ఇండ్లు చూచినాము. కొత్త ఊరు కడితే రాజుకు పన్ను కట్టవలెను గనుక, అధికారులు వచ్చినప్పుడు ఇట్టే పడగొట్టుటకు వీలుగా అక్కడి జమీందారు ఇట్లు కట్టించినాడని చెబుతారు. “పన్ను తప్పించుకొనుటకు ఇల్లే విప్పి పెట్టుకొన్నారా!” అని నా భార్య ముక్కున వేలు వేసికొన్నది.

తిండి సంగతి అడుగుతారని తెలుసు. మేము ఆకలితో మాడలేదు. ఎండు చిక్కుడు గింజలు మెత్తగా ఉడికించి, ప్రక్కన చేదుగా ఉండే ఆకుకూర వేసి, పైన ఆలివ్ నూనె పోసి పెడతారు. కండ్లు మూసుకొని తింటే ముద్దపప్పు, ఆకుకూర తిన్నట్లే. తరల్లి అనేవి అచ్చము మన చేగోడీల అన్నదమ్ములు. ఆవకాయ ఒక్కటే లోటు. అది మా పెట్టెలోనే ఉన్నది.

ఇక బ్రిందీసీ రేవు. రోమునుండి వచ్చే ఆప్యన్ రహదారి ఇక్కడ ముగుస్తుంది. క్రీస్తుకు పూర్వము 312లో మొదలుపెట్టిన ఆ బాటను 2024 జూలైలోనే యునెస్కో తన జాబితాలో చేర్చినది. రేవు మెట్లపైన రోమనుల కాలపు పెద్ద స్తంభము నిలిచియున్నది. అయితే రైల్వేవాడినైన నన్ను అక్కడ కదలనీయనిది మరొకటి. 1870 నుండి 1914 వరకు లండను నుండి హిందూదేశపు టపా రైలులో ఐరోపా అంతా దాటి ఈ రేవుకే వచ్చేది. ఇక్కడ ఓడకెక్కి, సూయెజ్ మీదుగా బొంబాయి చేరేది. బొంబాయి రైలుమార్గము రాయచూరు వద్ద మదరాసు మార్గముతో కలిసినది 1871లో. ఆ మార్గము మన షోలాపురం మీదుగానే గదా! నేను రోజూ వ్యాగన్లు లెక్కించే పట్టాలకు, ఆ రేవుకు ఇంత చుట్టరికమున్నదని తెలిసి, మెట్లమీద అరగంట కూర్చున్నాను. “లేవండి, ఎండ కొడుతున్నది” అని గార్డు జెండా ఊపిన తరువాతనే లేచినాను.

బ్రిందీసీ నుండి లెచ్చే చేరి, అక్కడే గదిలో దిగి చుట్టుప్రక్కల తిరిగినాము. ఒత్రాంతోలోని పెద్ద దేవాలయమున నేలంతా 1163–65 ప్రాంతములో పరచిన చిత్రములు. చిన్నచిన్న రాతి ముక్కలతో కూర్చిన మహావృక్షము. ఆ చెట్టును మోస్తున్నవి రెండు ఏనుగులు! ఏనుగులు లేని దేశములో ఏనుగులను చూచి, చుట్టములు కనబడినంత సంబరపడినాము.

ఒత్రాంతో నుండి తిరిగి వచ్చే దారిలో మాత్రము మనసు చిన్నబోయినది. మైళ్ళకొద్దీ ఆలివ్ తోటలు, బూడిదరంగు మోడులై నిలిచియున్నవి. 2013లో ఆ ప్రాంతములో జైలెల్లా అనే సూక్ష్మజీవి బయటపడినది. అది చెట్టులో నీరు పైకెక్కు నాళములను పూడ్చివేస్తుంది. నేలలో తడి ఉన్నా చెట్టు దాహముతో ఎండిపోతుంది. లక్షలాది చెట్లు అట్లు పోయినవి. మోడుల నడుమ అక్కడక్కడ తెగులును తట్టుకొనే రకపు చిన్న మొక్కలు నాటియున్నారు.

ఆ దారిలోనే కలిమెరా అనే చిన్న ఊరు. గ్రీకు భాషలో కలిమెరా అనగా శుభోదయము. ఇటలీలో గ్రీకు పేరేమిటని అడిగితే తెలిసినది: ఆ చుట్టుప్రక్కల కొన్ని ఊళ్ళవారు తరతరాలుగా గ్రీకో అనే ఒక రకపు గ్రీకు మాట్లాడేవారు. వారి పెద్దలు క్రీస్తుకు ముందే గ్రీకు వలసలతో వచ్చినారని కొందరు, కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తుల కాలములో వచ్చినారని కొందరు పండితులు వాదిస్తారు. ఎట్లు చూచినా వెయ్యేండ్లకు తక్కువ కాదు. ఆ ఊరి తోటలో ఒక పాలరాతి శిల్పమున్నది. 1960లో ఏథెన్స్ నగరము పంపిన కానుక. “ఇక్కడ కలిమెరాలో నీవు పరాయివాడవు కావు” అని వారి గ్రీకోలో వ్రాసియున్నది. పొట్టచేతపట్టుకొని వలస వచ్చినవారి మనుమడను గనుక, ఆ అర్థము విన్నప్పుడు నాకు గొంతు పట్టినది.

ఆ తోట బెంచీ మీద ఒక ముసలమ్మ, ఆమె మనుమడు కూర్చుని ఉన్నారు. అబ్బాయికి ఇంగ్లీషు వచ్చు. నా భార్య దాహమని సైగ చేయగా ముసలమ్మ సీసా అందిస్తూ “నెరో, నెరో” అన్నది. “ఏమండీ, నీరు అంటున్నదండీ!” అని నా భార్య గంతువేసినంత పని చేసినది. వారి భాషలో నీటికి నెరో అని పేరు. తాజా నీరు అనే పాత మాటనుండి వచ్చినదట. మన నీటితో సంబంధము లేదు. అయినా ఆ ఒక్క మాటతో ఆ పూట చుట్టరికము కలిసిపోయినది. కానుకగా ఇచ్చుటకు తీసుకొనిపోయిన షోలాపురం చద్దరు ఆమె భుజాన కప్పినాము.

కొంతసేపు కూర్చున్న తరువాత ఒకటి గమనించినాను. అవ్వ గ్రీకోలో మాట్లాడుతున్నది, మనుమడు ఇటాలియనులో జవాబిస్తున్నాడు. “నీకు రాదా?” అని అడిగినాను. “అర్థమవుతుంది, మాట్లాడలేను” అన్నాడు. బడిలో ఆ భాష మాట్లాడితే మోటు అనేవారట. పిల్లలు వెనుకబడతారని తల్లులే మానిపించినారట. మగవారు జర్మనీకి, స్విట్జర్లండుకు పనులకు పోయినారు. ఇంటికి టెలివిజను వచ్చినది. 1999లో ఇటలీ ప్రభుత్వము పన్నెండు అల్పసంఖ్యాక భాషలకు చట్టముతో రక్షణ ఇచ్చినది, అందులో గ్రీకు ఒకటి. ఆగస్టులో ప్రక్క ఊరు మెల్పిన్యానోలో జరిగే సంగీతోత్సవములో గ్రీకో పాటలు విని జనము గంతులు వేస్తారు. మతేరా గుహలవలెనే, సిగ్గుపడినదే గర్వమయినది. కాని అవ్వతో ఆ భాషలో మాట్లాడేవారు ఇంటిలో లేరు.

ఆ రాత్రి గదినుండి ఇంటికి వీడియో కాల్ చేసినాము. మా అమ్మ అమ్మాయిని, “ఏం తిన్నవ్ బిడ్డా, చెప్పు నాయనకు” అంటున్నది. అమ్మాయి, “పోళీ భాజీ ఖాల్లీ, ఆజీ” అన్నది. రోజూ వినే మాటే. ఆనాడు మాత్రము నేనూ నా భార్యా ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నాము. ఫోను పెట్టినాక ఆమె, “మనమూ ఆ బెంచీ మీదనే కూర్చున్నామండీ” అన్నది.

పెద్దలారా, మరాఠీ మనకు అన్నము పెట్టిన భాష. మా అమ్మాయి అందులో బాగా చదువుకోవలెను. మరొక మాట నేననను. తాతల మగ్గాల నాడు రెండు భాషలూ ఒక ఇంటిలో ఇమిడినవి, ఇప్పుడు ఇమడకపోవు. తప్పు పిల్లలది కాదు. అమ్మాయి మరాఠీలో జవాబు చెప్పినప్పుడల్లా “ఎంత చక్కగా మాట్లాడుతున్నది” అని మురిసినవాడను నేనే. నేనూ మరాఠీ బడిలో చదివినవాడనే. మన సంఘము సాయంకాలపు తరగతిలో దిద్దిన అక్షరములతోనే ఈ కాగితము వ్రాసికొన్నాను. వ్రాసిన తరువాత మాస్టరుగారిచేత మూడుసార్లు దిద్దించుకొన్నాను.

తిరిగి వచ్చినప్పటినుండి మా ఇంటిలో ఒక నియమము పెట్టుకొన్నాము. రాత్రి భోజనము వేళ తెలుగే. మొదటి వారము అమ్మాయి అలిగినది, రెండవ వారము మౌనవ్రతము పట్టినది. ఇప్పుడు “అవ్వా, ఇంకొంచెం పప్పు ఎయ్యి” అంటున్నది. ఆ ఒక్క వాక్యమునకు మా అమ్మ మురిసిపోయి పప్పంతా వడ్డించివేస్తున్నది.

నాకు చేతనైన కోరిక ఒకటి కోరి విరమిస్తాను. మా నాటి సాయంకాలపు తరగతి ఆగిపోయి చాలా యేండ్లయినది. సంఘము గది తాళము ఆదివారము ఉదయము గంటసేపు ఇప్పించండి. అక్షరములు దిద్దించుటకు నేను, నా భార్య వస్తాము. పిల్లలను మీరు పంపండి. పిల్లలతో అవ్వలూ వస్తే మరీ మంచిది, వారికి మాట్లాడుటకు తోడు దొరుకుతుంది.